స్పెయిన్‌లో ఏ ఊరికి ఏం పేరు?

ప్రశ్న: వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఉద్యోగం మాడ్రిడ్‌లో, సెప్టెంబరులో మూడు వారాలు రమ్మంటోంది. మాడ్రిడ్, బార్సిలోనా తనే చూపిస్తుంది. మనకి అనకాపల్లి అంటే బెల్లం, మాడుగుల అంటే హల్వా, ఏటికొప్పాక అంటే లక్కబొమ్మలు. అక్కడ అలా పేరు పడ్డ ఊళ్లేవి? మా ఆవిడకి టమాటాల పండగ చూడాలనుంది. ఆవిడ శాకాహారి. (ఒక పాఠకుడు, కూర్మన్నపాలెం)

జవాబు: ముందు టమాటాల సంగతి. జనం ఒకరి మీద ఒకరు టమాటాలు విసురుకునే ఆ పండగ బున్యోల్ అనే చిన్న ఊళ్లో, ఆగస్టు చివరి బుధవారం, గంటసేపు జరుగుతుంది, అంతే. మీరు వెళ్లేసరికి వీధులు కడిగేసి ఉంటాయి. దానికోసం ప్రయాణం ముందుకు జరుపుకోమని కూడా చెప్పను, 2013 నుంచి టికెట్ పెట్టి జనాన్ని సుమారు 20 వేలకి కుదించినా ఆ సందుల్లో తోపులాట తప్పదు, మీ వయసు వాళ్లకి కష్టం.

మీరు మాత్రం బిల్బావో వెళ్లి తీరాలి. ఉత్తరాన, సముద్రానికి దగ్గరగా, కొండల మధ్య నెర్వియోన్ నది ఒడ్డున ఉంటుంది. చుట్టుపక్కల కొండల్లోనే ఇనుప ఖనిజం తవ్వేవాళ్లు, ఒడ్డునే ఉక్కు తీసేవాళ్లు, అక్కడే ఓడలు కట్టేవాళ్లు, అంటే ఆ ఊరి బతుకంతా మన ఊరి బతుకే. 1980ల్లో పరిశ్రమలు దెబ్బతిని షిప్‌యార్డు మూతపడింది, 1996లో ఆల్తోస్ ఓర్నోస్ అనే పెద్ద ఉక్కు కర్మాగారం కూడా ఆగిపోయింది (ఆ పేరుకి అర్థమే బ్లాస్ట్ ఫర్నేసులు). మరుసటి ఏడాది అదే నది ఒడ్డున టైటానియం రేకులు తొడిగిన గుగెన్‌హైమ్ మ్యూజియం తెరిచారు, ఫ్రాంక్ గేరీ డిజైన్ చేసింది, ఇప్పుడు బిల్బావో అనగానే అందరూ దాని పేరే చెబుతారు. అదీ చూడండి, కానీ అక్కణ్ణుంచే వెనక్కి రాకండి. నది వెంట దిగువకి సెస్తావో దాకా వెళ్లండి. ఆ కర్మాగారం తాలూకు ఫర్నేసు ఒకటి అక్కడ కూల్చకుండా కాపాడుతున్నారు. దాని ముందు నిలబడితే మన గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ గుర్తొచ్చి నాకు కాసేపు మాట రాలేదు. (బయటి ఊళ్లవాళ్లకి: ఇవి మన ప్లాంటులో ఫర్నేసుల పేర్లు.) వాటి దగ్గర చెమటోడ్చిన మీకు ఏమనిపిస్తుందో వచ్చాక తప్పకుండా రాయండి. ఆ పక్కనే పోర్తుగలేతేలో 1893 నాటి ఇనుప వంతెన ఉంది, పైనుంచి తాళ్లకి వేలాడే పెట్టెలో మనుషుల్నీ కార్లనీ అవతలి ఒడ్డుకి చేరుస్తారు, కింద ఓడలకి అడ్డం రాకుండా. అదీ ఎక్కండి.

తర్వాత వాలెన్సియా. మాడ్రిడ్ నుంచి స్పీడు రైల్లో రెండు గంటలు. వెళ్లేది గురువారం అయ్యేలా చూసుకోండి, ఎందుకంటే గురువారం మధ్యాహ్నం 12కి పెద్ద చర్చి గుమ్మం ముందు నల్ల అంగీలు వేసుకున్న రైతులు కూర్చుని కాలవ నీళ్ల తగాదాలు తీరుస్తారు. ఎనిమిది కాలవలకి ఎనిమిది మంది, వాదనలన్నీ నోటిమాటే. వందల ఏళ్ల పద్ధతి, ఇప్పటికీ వాళ్ల తీర్పు చెల్లుతుంది. కొన్ని వారాలు ఫిర్యాదే ఉండదు, కాలవల పేర్లు పిలిచి లేచిపోతారు, నిరాశపడకండి.

వాలెన్సియాకి అసలు పేరు తెచ్చింది పయేయా అనే అన్నం వంటకం. నిజానికి పయేయా అంటే అది వండే పెనం. ఊరి పక్కనే అల్బుఫేరా సరస్సు చుట్టూ వరిచేలు, సెప్టెంబరంటే కోతల కాలం. అసలు పద్ధతిలో కోడి, కుందేలు మాంసం పడతాయి. మేడమ్ గారికి కూరగాయలతో చేసింది అడగండి, బియ్యం ఉడికించిన నీళ్లు మాంసం రసం కాదు కదా అని కూడా అడగండి, ఇది చాలామంది మర్చిపోతారు. పక్కనున్న అల్బొరాయాకి ఓర్చాతా పేరు. తుంగజాతి గడ్డలు నానబెట్టి, రుబ్బి, వడకట్టి, పంచదార కలిపి చల్లగా ఇస్తారు, పాలు ఉండవు. మనం పొలంలో కలుపని పీకి గట్టున పడేసే తుంగకి అది దగ్గరి చుట్టమే!

మాడ్రిడ్‌కి స్పీడు రైల్లో అరగంట దూరంలో రెండు ఊళ్లున్నాయి. టోలెడో కత్తులకి పేరు, చూడండి కానీ కొనకండి, విమానంలో చేతి సామానులో రానివ్వరు. సెగోవియాలో రోమన్లు సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన నీటి వంతెన ఉంది, సుమారు 28 మీటర్ల ఎత్తు. మిగిలిన రోజుల్లో కుదిరితే గ్రనాడా, అల్‌హంబ్రా కోట కోసం. దాని టికెట్ మాత్రం ఇప్పుడే తీసుకోమని అమ్మాయికి చెప్పండి.

ప్రశ్న: అనంతపురంలో అందరూ ఫాదర్ అని పిలిచే ఫెర్రర్ గారు స్పెయిన్‌లో ఏ ఊరు? (డిగ్రీ విద్యార్థిని, ఎంవీపీ కాలనీ)

జవాబు: విన్సెంట్ ఫెర్రర్ గారు బార్సిలోనాలో 1920లో పుట్టారమ్మా. 1952లో క్రైస్తవ మిషనరీగా మన దేశం వచ్చి, ముందు మహారాష్ట్రలో పనిచేశారు, బావులు తవ్వుకోవడానికి రైతులకి సాయపడ్డారు. ప్రభుత్వం దేశం నుంచి పంపించేస్తే, తిరిగొచ్చి 1969లో అనంతపురం చేరారు. 2009లో అక్కడే చనిపోయారు. సమాధి బత్తలపల్లిలో ఉంది.