పీహెచ్ 9 వచ్చిన పొలానికి సున్నం వేయాలా?

భూసార పరీక్షలో పీహెచ్ (నేల ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, 7 అయితే మధ్యస్థం) 9 వచ్చింది, ఊళ్ళో ఎవరో సున్నం చల్లమన్నారు, చల్లమంటారా అని అడిగారు. వద్దండీ. సున్నం ఆమ్ల నేలలకు, అంటే పీహెచ్ 6 లోపు ఉన్నవాటికి. మీది చూడబోతే కారు చౌడు, అంటే సోడియం పేరుకుని క్షారం ఎక్కువైన నేల. దానికి సున్నమంటే ఉప్పెక్కువైన కూరలో మళ్ళీ ఉప్పేసినట్టే.

మాది సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టు. రెండెకరాల మడిలో వరి నాటేసిన మూడు వారాలకే ఆకుల మీద తుప్పు మచ్చలు, పిలకలు రావు, వాన పడితే నీళ్ళు వారమైనా ఇంకవు, ఎండితే గడ్డపార దిగదు. జింకు లోపమన్నారు. అదీ నిజమే, చౌడులో జింకు ఉన్నా పైరుకు అందదు. ఏటా లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కొట్టుకుంటూ పోయాం, పైరు కాస్త పచ్చబడేది, మళ్ళీ ఏడాది అదే కథ.

తర్వాత పరీక్ష చేయించి, ఎకరాకు 2 టన్నుల జిప్సం తోలించి చల్లాం. ఏమీ మారలేదు. ఎందుకో తెలుసా, మురుగు కాలువ లేదు! జిప్సంలోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియాన్ని వదిలించి నీళ్ళలోకి తెస్తుంది, దాని పని అంతవరకే. ఆ నీళ్ళు పొలం దాటకపోతే సోడియం అక్కడే ఉంటుంది. మా నాన్న నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు, జిప్సం ఆలోచన నాదే మరి.

మరుసటి ఏడు పల్లం వైపు రెండడుగుల లోతు కాలువ తీసి, మళ్ళీ కొంత జిప్సం వేసి పైపైన దున్ని, కాలువ నీళ్ళు నాలుగంగుళాలు కట్టి పది రోజులు ఉంచి వదిలేశాం. అలా మూడుసార్లు. ఆ మీద పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ చల్లి పూతకు రాగానే కలియదున్నాం. అప్పటి నుంచి భాస్వరానికి డీఏపీ మానేసి సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేస్తున్నాం, అందులో ఎలాగూ జిప్సం ఉంటుంది. ఎకరాకు 12 బస్తాలు పండిన మడిలో మూడో ఏడు 24 వచ్చాయి.

ఇంతా చేశాక యాసంగికి కాలువ రాక బోరు పెడితే మళ్ళీ చౌడు తేలింది. నీళ్ళు పరీక్ష చేయిస్తే నిండా కార్బొనేట్లే (నేలలోని కాల్షియాన్ని పట్టేసి సోడియాన్ని మిగిల్చేవి), చౌడు అసలు ఎక్కడి నుంచి వస్తోందో అప్పుడు అర్థమైంది. ఇప్పుడు ఆ మడికి బోరు కట్టం, యాసంగి ఖాళీగా వదిలేస్తాం.

కాబట్టి జిప్సం కొనేముందు మీ బోరు నీళ్ళ పరీక్ష చేయించండి. పొలం నీళ్ళు ఎటు పారతాయో, కింది రైతు కాలువ తీయనిస్తాడో లేదో కూడా చెప్పండి, మాకు అక్కడే పెద్ద పంచాయితీ అయింది.