రెండో కాన్పు: నార్మలా, సిజేరియనా?

చెల్లీ, మొదటిది సిజేరియన్ అయింది కాబట్టి రెండోదీ అంతేనా అని అడిగావు. అలా ఏం లేదు. గర్భసంచి మీద కోత కింది భాగంలో అడ్డంగా ఉంటే, నార్మల్‌కి ప్రయత్నించినవాళ్లలో నూటికి 60 నుంచి 80 మందికి అవుతుంది. పాత కుట్టు విచ్చుకోవడం నూటికి ఒకరికి కూడా జరగదు, కానీ జరిగితే తల్లికీ బిడ్డకీ ప్రమాదమే. అందుకే వెంటనే ఆపరేషన్ చేయగల ఆసుపత్రి చూసుకోవాలి. ఇన్సూరెన్స్, రూల్స్ సంగతి డాక్టరు ఆఫీసులో కనుక్కో.

మా పెద్దాడు గుంటూరులో పుట్టాడు. డల్లాస్ వచ్చేటప్పుడు సూట్‌కేసు బరువెక్కుతోందని ఆ సిజేరియన్ ఫైలు అక్కడే వదిలేశాను. ఇక్కడ డాక్టరు అడిగితే పొట్ట మీద అడ్డగీత చూపించాను. చర్మం మీద గీత ఎలా ఉన్నా లోపలి కోత వేరుగా ఉండొచ్చట! మా తమ్ముడు మూడు వారాలు ఆసుపత్రి చుట్టూ తిరిగి ఆపరేషన్ నోట్స్ సంపాదించి పంపాడు. నువ్వు ఈ వారమే తెప్పించుకో.

ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాను. నార్మల్ అనుకున్నాక ఏ రోజన్నది మన చేతిలో ఉండదు. అమ్మకి డ్యూ డేట్‌కి వారం ముందు దిగేలా టికెట్ తీశాం. నాకు 38వ వారంలో, రాత్రి రెండింటికి నొప్పులొచ్చాయి. మూడేళ్లవాణ్ని ఎవరి దగ్గర వదలాలి? మా అపార్ట్‌మెంట్లలో నాలుగు తెలుగు కుటుంబాలున్నాయి. కనిపిస్తే నవ్వడమే తప్ప అర్ధరాత్రి తలుపు కొట్టే చనువు నేను పెంచుకోలేదు. మా ఆయన నిద్రపోతున్న పిల్లాణ్ని భుజాన వేసుకుని బయట కూర్చున్నారు. లోపల పదకొండు గంటలు నేనొక్కదాన్నే. నర్సు చేయి పట్టుకుంది, మంచి మనిషి. కానీ నేను తెలుగులో ఏడుస్తుంటే అర్థమయ్యేవాళ్లు ఆ గదిలో లేరు.

నార్మలే అయింది. నాలుగో రోజు నేనే లేచి పప్పు వండాను. మొదటిసారి మంచం దిగడానికే అమ్మ పట్టుకోవాల్సి వచ్చింది.

సిజేరియనే అనుకుంటే తేదీ ముందే తెలుస్తుంది, దాన్నిబట్టి అమ్మని రప్పించుకోవచ్చు. కానీ ఆ తర్వాత కొన్ని వారాలు మీ పెద్దపాపని ఎత్తుకోకూడదు. దానికీ మనిషి కావాలి. కొత్తగా వచ్చినవాళ్లు ఫోన్‌లో అన్నీ చదువుతారు, ఈ ఒక్కటీ ఆలోచించరు. ఈ శనివారం పక్కింటివాళ్లని భోజనానికి పిలువు. వచ్చే వారం పాపని రెండు గంటలు వాళ్లింట్లో వదిలి చూడు, ఉంటుందో లేదో.