పెట్రోలు పాతబడక ముందే

చి. సుధీర్‌కు,

పెదనాన్న ఆశీస్సులు. ఈ ఏడాదికి గడ్డి కోయడం అయిపోయిందనీ, ఇక మోవర్‌ను గరాజ్‌లో ఒక మూలకు తోసేస్తాననీ నీవు ఫోనులో చెప్పినప్పటి నుంచి ఈ సంగతి రాయాలనుకుంటున్నాను. మీ మిషిగన్‌లో అక్టోబరులో మూలకు చేరిన మోవర్ మళ్లీ ఏప్రిల్ నెలాఖరుకు గానీ బయటికి రాదు. ఆ ఆరు నెలలూ ట్యాంకులోని పెట్రోలు ఊరికే ఉండదు, పాడవుతుంది. అది త్వరగా పాడవకుండా ముందే కలిపే స్టెబిలైజర్ అనే ద్రవం గురించే ఈ ఉత్తరం.

కొలంబస్‌లో ఇల్లు కొన్న మొదటి చలికాలం నేనూ అలాగే తోసేశాను. ఏప్రిల్‌లో తాడు లాగి లాగి భుజం పట్టేసిందే తప్ప ఇంజిను కదల్లేదు. బాగుచేసిన మనిషి పెట్రోలును గాలితో కలిపి ఇంజినుకు అందించే కార్బ్యురేటర్ విప్పి, పెట్రోలు వెళ్లే గుండుసూది దూరేంత జెట్ రంధ్రంలో వార్నిష్‌లా గట్టిపడిన జిగురును చూపించాడు. పెట్రోలులోని తేలిక భాగాలు ఆవిరైపోగా, మిగిలినది గాలిలోని ఆక్సిజన్ తగిలి క్రమంగా అలా మారుతుందట. పైగా ఇక్కడి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది. తేమ మితిమీరితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఇంజినుకు ముందు అందేది ఆ అడుగుదే. (పంపు మీద 88 అని ఉండేదానిలో ఇథనాల్ 15 శాతం, చిన్న ఇంజిన్లకు అది నిషిద్ధం, చవకని పట్టుకుని రాకు.)

స్టెబిలైజర్ ఈ పాడయ్యే వేగాన్ని తగ్గిస్తుందే గాని, పాడైనదాన్ని బాగుచేయదు. విడిపోయిన నీటిని తిరిగి కలపదు. ఆవకాయకు ఉప్పు కాయ తాజాగా ఉన్నప్పుడే పట్టించాలి గాని, బూజు వచ్చాక ఎంత గుమ్మరించి ఏం లాభం? కాబట్టి నీ డబ్బాలో ఆగస్టు నుంచి ఉన్న పెట్రోలులో దాన్ని కలపవద్దు. రంగు మారి, పుల్లని వాసన వేస్తుంటే ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే మీ కౌంటీ కేంద్రంలో అప్పగించు. కాలువలో మాత్రం పోయకు.

ఖాళీ ఎర్ర పెట్రోలు డబ్బాను బంకుకు తీసుకువెళ్లి, ముందు అందులో స్టెబిలైజర్ పోసి, ఆ పైన పెట్రోలు పట్టించు. రెండూ వాటంతటవే కలుస్తాయి. నేను వాడే స్టా-బిల్‌కైతే రెండున్నర గ్యాలన్లకు ఒక ఔన్సు, అంటే సుమారు 30 మిల్లీలీటర్లు చాలు. వేరే రకం కొంటే పాళ్లు మారతాయి, సీసా మీద చదివే పోయాలి. మోవర్ ట్యాంకును దానితో దాదాపు నింపి, పైన కాస్త వెలితి ఉంచు. ఖాళీ తక్కువైతే లోపలికి చేరే తేమా తక్కువే.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కార్బ్యురేటర్‌లో మాత్రం పాత పెట్రోలే ఉండిపోతుంది, జిగురు పట్టేదీ అక్కడే. అందుకే మోవర్‌ను బయట పెట్టి ఒక పది నిమిషాలు నడిపించి, కొత్త పెట్రోలు లోపలికంటా చేరాక ఆపు. చలిగా ఉందని గరాజ్‌లో నడపవద్దు. తలుపు ఎత్తి ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం మీదికి తెస్తుంది. మిగిలిన డబ్బాను కూడా వాటర్ హీటర్ మంటకు దూరంగా ఉంచు. ట్యాంకు ఖాళీ చేసి పెడితే సరిపోదా అని మీ బాబాయి అంటాడు. అదీ ఒక పద్ధతే, కానీ ఇంజిను ఆగిపోయేదాకా నడిపినా కార్బ్యురేటర్ గిన్నెలో నాలుగు చుక్కలు మిగులుతాయి, అందుకే నాకు నింపి ఉంచడమే ఇష్టం.

ఆకులు ఊదే లీఫ్ బ్లోయర్‌ది టూ స్ట్రోక్ ఇంజిను కదా, దాని పెట్రోలులో కలిపే ఆయిల్‌లో చాలాసార్లు స్టెబిలైజర్ ముందే ఉంటుంది. చూసుకుని గానీ మళ్లీ పోయకు. స్నో బ్లోయర్‌కు ఈ పనంతా ఏప్రిల్‌లో.

స్టెబిలైజర్ సీసా మూత తీసిన తేదీని దాని మీదే రాసిపెట్టు, రెండేళ్లు దాటితే వాడకు. ఈ ఆదివారం పని మొదలుపెట్టే ముందు ఒకసారి ఫోను చెయ్యి. డబ్బా ఎన్ని గ్యాలన్లదో చెబితే ఎంత పోయాలో లెక్క కట్టి చెబుతాను.

ఇట్లు,
పెదనాన్న