కుక్కపిల్ల కంటే ముందు ఇంటోళ్లకు నేర్పాలె

బిడ్డా,

నిన్న నువ్వు ఫోన్ల మాట్లాడుతుంటే ఎనక నుంచి మీ కొత్త కుక్కపిల్ల కుయ్యి కుయ్యిమని మొత్తుకునుడు నాకు కూడా ఇనొచ్చింది. "రెండు రాత్రుల సంది ఎవ్వరికీ నిద్ర లేదు మామా, కుక్క ఏడిస్తే ఇంటికి మంచిది కాదని మా అత్తమ్మ అంటుంది, మళ్ల ఇచ్చేద్దామా" అన్నవు. అంత తొందర వద్దు. ఫోన్ల చెప్తే సగం మర్చిపోతవని ఇట్ల రాస్తున్న. పశువుల దవాఖానల కాంపౌండర్‌గ ముప్పై ఏండ్లు చేసిన. బర్లు, గొర్లతోనే ఎక్కువ గడిచింది గని, దేవరకొండ చుట్టుపక్కల తండాల నుంచి, గొల్లోళ్ల మందల నుంచి కుక్కలను కూడా తెచ్చేటోళ్లు. నాకు తెల్సింది చెప్తున్న.

మొదలు ఆ ఏడుపు సంగతి. అది పుట్టిన కాడికెళ్లి తల్లి పొట్టకు ఆనుకొని, నలుగురైదుగురు తోడపుట్టినోళ్ల మీద పడి పండుకున్నది. మీరేమో తెచ్చి మెట్ల కింద సల్లని బండ మీద ఒక్కదాన్నే పండబెట్టిన్రు. ఏడ్వకుంటే ఏం చేస్తది? అరిష్టం కాదు, భయం. మీ అత్తమ్మకు కాలభైరవుని వాహనం అని చెప్పు, కొంచెం మెత్తబడుతది. ఈ రాత్రి ఒక అట్టపెట్టె తీసుకొని, నీ పాత నూలు చీర మడిచి ఏసి, మీ మంచం పక్కనే పెట్టు. ఏడ్చినప్పుడు లైటెయ్యకు, ఎత్తుకోకు, ముచ్చట పెట్టకు. పండుకున్న కాడికెళ్లే చెయ్యి కిందికి ఏలాడదీసి దాని ఈపు మీద పెట్టు. దానికి అంతే కావాలె. నాలుగైదు రాత్రులల్ల సల్లబడుతది. అటెన్క రోజుకింత రోజుకింత పెట్టెను తలుపు దిక్కు జరుపుకుంట హాల్లకు పంపొచ్చు. నడిరాత్రి ఒక్కసారి మాత్రం ఎత్తుకపోయి వాకిట్ల పాస్ పోయించి, మాట్లాడకుంట తెచ్చి మళ్ల పెట్టెల ఎయ్యి.

నెలన్నర పిల్ల అన్నవు. నన్నడిగితే రెండు నెలలు నిండేదాంక తల్లి కాన్నే ఉండనియ్యాల్సింది. 8 వారాలు నిండని పిల్లను అమ్మొద్దని సర్కారు నియమం కూడా ఉన్నది. తల్లి కాడ ఉన్నప్పుడు ఒకదాన్నొకటి కొరుక్కుంటయి. గట్టిగ కొరికితే రెండోది కుయ్యిమని ఆట బంద్ చేస్తది. ఎంత కొరకాల్నో దానికి తెలిసేది అట్లనే. మీ పిల్లకు ఆ సదువు సగంలనే ఆగింది, అందుకే నీ చిన్నబిడ్డ గౌను పట్టి గుంజుతుంది. ఇగ ఆ పని మీరే చెయ్యాలె. పన్ను తగలంగనే "అబ్బ" అని ఆట ఆపి, అర నిమిషం అటు మొఖం పెట్టుకోవాలె. కొట్టొద్దు. మూతి పట్టి పిండొద్దు. నాలుగో నెలల ఆ 28 పాలపండ్లు రాలుడు మొదలైతది, ఏడో నెలకు 42 గట్టి పండ్లు వస్తయి. చిగుర్లు దురదపెడ్తయి, అందుకే చెప్పులెంబడి పడ్తది. పాత తువ్వాల తడిపి, ముడేసి, ఫ్రిజ్జుల పెట్టి ఇయ్యి, నములుకుంట కూసుంటది.

పంటి గీతలు మాత్రం తేలికగ తీసుకోకు. దానికింక రేబిస్ సూది కాలేదు. మీ ఇంట్ల పిల్లల తోలు ఇసుమంత చీరుకున్నా, నల్ల కింద సబ్బు పెట్టి 15 నిమిషాలు కడిగి, సర్కారు దవాఖానకు తీసుకపో. సున్నం, పసుపు, కారం అద్దుడు మన దిక్కు ఇంకా ఉన్నది. ఎవరన్న చెప్తే ఇనకు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తా. సాగర్ల పని చేసేటప్పుడు మోతి అని ఒక ఎర్ర పిల్లను తెచ్చిన. ఒక్క టీకా సూదే పడ్డది, మూడో నెల కూడా నిండలే. దాన్ని చూపెట్టాలని ఉబలాటం నాకు. బజారుల దింపి, హోటల్ ముంగట కుక్కలు తిరిగే మట్టిల ఆడించిన. నాలుగైదు దినాలకు తిండి ముట్టలేదు, ఎనకనే వాంతులు, తర్వాత నెత్తుటి విరేచనాలు. ఆ వాసన ఒక్కసారి పీల్చినోడు ఇగ మర్వడు. పార్వో, కుక్కపిల్లల పానం తీసే అంటురోగం. మూడు రోజులు సెలైన్ ఎక్కించినం. నాలుగో రోజు తెల్లారంగ నా ఒళ్లనే పోయింది. ఊరోళ్ల పశువులకు సూదులేసుకుంట తిరిగినోని ఇంట్ల అట్లయింది. ఆ పురుగు మట్టిల నెలల కొద్దీ బతుకుతది, కంటికి కనవడదు.

అందుకే సూదులు పూర్తయ్యేదాంక దాన్ని రోడ్డు మీద దింపకు. ఆరు నుంచి ఎనిమిది వారాల నడుమ మొదటి సూది, అక్కడికెళ్లి మూడు నాలుగు వారాలకొకటి, 16 వారాలు నిండేదాంక. మూడు నెలలకు రేబిస్ సూది, డాక్టర్ చెప్పిన ప్రకారం మళ్లొకటి, తర్వాత యాడాదికొకటి. నులిపురుగుల మందు మూడు నెలల దాంక పదిహేను రోజులకోసారి, ఆరో నెల దాంక నెలకోసారి. బరువు తూచి ఎయ్యాలె. ఇంట్ల తూచే కాంటా లేకుంటే నువ్వు దాన్నెత్తుకొని ఒకసారి, ఒక్కదానివే ఒకసారి నిలబడు, తీసేస్తే దాని బరువొస్తది.

అట్లని నాలుగు గోడల నడుమ కట్టేసి కూడా పెట్టకు. అది లోకాన్ని చూసి భయం పోగొట్టుకునే వయసు ఇదే. సంకల ఎత్తుకొని గేటు కాడ నిలబడు. ఆటోలు పోనియ్యి, కూరగాయలాయన అరవనియ్యి, ఇంట్ల కుక్కర్ విజిల్ కొట్టనియ్యి. కాలు కింద పెట్టకుంటనే అన్నీ చూస్తది.

తిండి. పాలల్ల బ్రెడ్డు ఏస్తున్నం అన్నవు, బంద్ చెయ్యి. బర్రె పాలు చానా కుక్కపిల్లలకు అరగయి, విరేచనాలు పట్టుకుంటయి. తెచ్చిన కాడ ఏం తిన్నదో అడిగి వారం పది రోజులు అదే పెట్టు, తర్వాత కొంచెం కొంచెం కలుపుకుంట మార్చు. మెత్తగ ఉడికిన అన్నం, ఉడకపెట్టిన గుడ్డు, ఉప్పు కారం లేని మెత్తటి కోడికూర, చెంచెడు పెరుగు. మూడు నెలల దాంక రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాంక మూడు, తర్వాత రెండు. ఎదిగే పిల్లకు ఒట్టి అన్నం ఆనదు, ఏది ఎంతన్నది సూదికి పోయినప్పుడు డాక్టర్నే అడుగు. ఆదివారం కూర పులుసు అన్నంల పోసి ముంగట పెట్టే అలవాటు మనకున్నది; అండ్ల ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఉంటయి, కుక్క నెత్తురుకు పడయి. ఉడికిన కోడి బొక్కలు చీలికలై పేగులకు గుచ్చుకుంటయి. చిన్నదాని చేతుల చాక్లెట్టు, పాయసంల కిస్‌మిస్ దానికి అందనియ్యకు. నీళ్లంటవా, మీరు తాగే భగీరథ నీళ్లే పొయ్యి.

పాస్ విషయం ఓపికతోని అయ్యేది. లేవంగనే, తినంగనే, ఆడంగనే వాకిట్ల ఒకటే మూలకు ఎత్తుకపో. పోసినంక అక్కడికక్కడ్నే మెచ్చుకో, ఇంట్లకొచ్చినంక మెచ్చుకుంటే దేనికో దానికి తెల్వదు. ఇంట్ల పోస్తే మూతి రాసి కొట్టుడు చూసిన. దాంతోని అది మంచం కింద దాక్కొని పోసుడు నేర్చుకుంటది, అంతే. ఫినాయిల్‌తోని తుడిస్తే బండ పూరా ఆరేదాంక రానియ్యకు, కాళ్లు నాకుతది.

గోమార్లు, అదే తోలుకు పట్టుకొని నెత్తురు తాగే పురుగులు, చెవుల లోపట, కాలేళ్ల సందుల చూడు. బర్లకు కొట్టే మందు ఎవడన్న ఇస్తే అంచనా మీద పుయ్యకు. గంత చిన్న పానానికి అది ఇషమే.

ఇగ మీ సంగతి. పెద్దోడు "కమ్" అంటడు, అల్లుడు "రా" అంటడు, మీ అత్తమ్మ "ఛీ పో" అంటది. అది ఎవరి మాట ఇనాలె? ఈ రాత్రి అన్నం తినేటప్పుడు నలుగురు కూసొని ఒక్క మాట అనుకోండ్రి. పిలిచేది ఏ మాటతోని, సోఫా ఎక్కనిద్దామా వద్దా. అత్తమ్మకు దేవునర్ర, వంటింట్లకు వస్తే గిట్టదు గద, ఆమె మాటనే నిలబెట్టండ్రి, మొదటి రోజు సంది చెక్క అడ్డం పెట్టండ్రి. అది పండుకున్నప్పుడు, తినేటప్పుడు పిల్లలు ముట్టొద్దు. వాడకట్టోళ్లను చూడనీకి రమ్మని పిలువకు, రెండు వారాలు ఆగు.

వచ్చే ఆదివారం మీ దిక్కు వస్తున్న. దాని సూది కార్డు తీసిపెట్టు, చూస్త. జొన్నరొట్టె, గోంగూర చేయించు. దానికి కాదు, నాకు.

మీ మామ