పొయ్యి దించిన టైము అడుగు

చిట్టీ,

పెళ్లిళ్లలో మిగిలిన భోజనాలు తెచ్చి, లేనివాళ్లకి పంచుతావటగా. మీ అమ్మ రాత్రి ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో అంత భయమూ వేసింది.

బండి, క్యాన్లు, క్యాటరింగ్ వాళ్ల నంబర్లు నువ్వే చూసుకోగలవు. మిగులు ఆహారం పంచేవాళ్లకి 2019లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అదే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, నిబంధనలు తెచ్చింది, రిజిస్ట్రేషన్ ముందే చేయించుకో.

ఒక్కటి మాత్రం విను. నేను ఈ పని మొదలెట్టిన రెండో ఏడు, మాఘమాసం. "వంద మందికి సరిపడా మిగిలింది, రండి" అని అర్ధరాత్రి పిలిచారు. గంగాళంలో అన్నం, పక్కన పప్పు. ఎప్పుడు వండారని అడగలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటారేమోనని మొహమాటపడ్డాను. వాసన బాగానే ఉంది. స్టేషన్ దగ్గర పడుకున్నవాళ్లని లేపి మరీ పెట్టాను. అది మధ్యాహ్నం వండినదని తెల్లారాక తెలిసింది. నలుగురికి వాంతులు. ఒక ముసలమ్మకి రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. పక్కన కూచుంటే, "ఆ రాత్రి నువ్వు పెట్టావు కాబట్టే తిన్నానమ్మా" అని నా చెయ్యి నిమిరింది. తిట్టినా బాగుండేది.

అన్నం 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, లేదా 5 డిగ్రీల లోపు చల్లగా ఉండాలి. ఆ మధ్యలో గంటల తరబడి ఉంటే అందులో పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదట. డాక్టరుగారు చెప్పాక నా నోటుపుస్తకంలో మొదటి గడి "పొయ్యి దించిన టైము" అయింది. టైము చెప్పలేకపోతే తీసుకోకు. కొబ్బరి పచ్చడి, పెరుగన్నం అసలే వద్దు. అనుమానం వస్తే పారబొయ్యి. చెయ్యి రాదు, నాకు తెలుసు. మెతుకు కింద పడితే మా అమ్మ కళ్లకద్దుకునేది. అయినా పారబొయ్యి. ఆకలి మీదున్నవాళ్లు వాసన చూసుకోరు, వాళ్ల బదులు నువ్వే చూడాలి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఆకలన్నవాళ్లకి తన చేత్తో వండి పెట్టారు. మనం పెట్టేది ఎవరో ఎప్పుడో వండింది.

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, ఫోన్ మోగదు. స్టేషన్ దగ్గర మాత్రం అంతమందీ ఉంటారు. అందుకని వైశాఖంలోనే పెళ్లివాళ్లని బియ్యం, కందిపప్పు అడిగి దాచుకో. పాత బస్తా ముందు విప్పు.

రాత్రుళ్లు ఒక్కదానివే వెళ్లకు. నువ్వు తినకుండా బయల్దేరకు, చిన్నప్పట్నుంచీ నీకిదే అలవాటు. మొదటి రోజు నన్నూ తీసుకెళ్లు. మోకాళ్ల సంగతి ఎత్తకు, బండిలో కూచునే టైములు రాస్తాను.

మీ పెద్దమ్మ