ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ కావాలంటే అప్రెంటిస్‌షిప్ చేయాలా?

ప్రశ్న: మాది అనకాపల్లి దగ్గర పల్లె. ఆటో నడుపుతాను. మా అబ్బాయి ఐటీఐ ఎలక్ట్రీషియన్ మంచి మార్కులతో పాసయ్యాడు. తెలిసిన వైరింగ్ కాంట్రాక్టర్ నెలకు 15 వేలు ఇస్తానంటున్నాడు. వాడేమో ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌షిప్ చేస్తానంటున్నాడు. అందులో వచ్చేది దాదాపు సగం, పైగా ఏడాది తర్వాత ఉద్యోగం ఇస్తారన్న గ్యారంటీ లేదంటున్నారు. కరెంటు పని కదా, వాళ్లమ్మకు భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇల్లు గడవడానికి ఆ 15 వేలు తప్పనిసరి కాకపోతే మీ అబ్బాయి మాటే వినండి. ఇంటి వైరింగ్ కూడా గౌరవమైన పనే. కానీ ఆ పనిలో త్రీఫేజ్ మోటార్లు, కంట్రోల్ ప్యానెళ్లు చేతికి రావడం అరుదు. ఫ్యాక్టరీలో ఇవి రోజూ ఉంటాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. పంపు మోటారు పదే పదే ట్రిప్ అవుతుంటుంది, అంటే దానంతటదే ఆగిపోతుంటుంది. అనుభవం లేని కుర్రాడు ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపేసే పరికరం) రీసెట్ బటన్ నొక్కి మళ్లీ స్టార్ట్ చేస్తాడు. కాసేపటికి మళ్లీ ట్రిప్. సీనియర్ వచ్చి తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌తో మూడు ఫేజుల్లోనూ కరెంటు చూస్తాడు. మూడూ సమానంగానే ఉన్నా నేమ్‌ప్లేట్ మీద రాసిన ఆంపియర్ల కన్నా ఎక్కువగా ఉంటే, బేరింగ్ పట్టేసిందా, పంపు జామైందా అని లోడు వైపు వెళతాడు. ఒక ఫేజులో కరెంటే లేకపోతే ఫ్యూజు, కాంటాక్టర్ (మోటారుకు సప్లై కలిపే స్విచ్) పాయింట్లు, లూజు కనెక్షన్లు వెతుకుతాడు. తర్వాత సప్లై ఆపి, మెగ్గర్ అనే మీటర్‌తో వైండింగ్ ఇన్సులేషన్ బాగుందో లేదో చూస్తాడు. ఇదంతా మీవాడు ఐటీఐలో చదివే ఉంటాడు. కానీ ప్రొడక్షన్ వాళ్లు పక్కన నిలబడి ‘ఇంకెంతసేపు?’ అని అడుగుతుంటే టెన్షన్ పడకుండా, ఒక్క మెట్టూ దాటేయకుండా చేయడం షాప్‌ఫ్లోర్ మీదే, అంటే ఫ్యాక్టరీలో యంత్రాల మధ్యే వస్తుంది. ఇంటర్వ్యూలో స్టార్-డెల్టా స్టార్టర్ (పెద్ద మోటార్లను స్టార్ట్ చేసేది) కంట్రోల్ వైరింగ్ గీయమంటే చేయి ఆగకుండా గీసేది కూడా ఈ అప్రెంటిస్‌షిప్ ఏడాదిలో నేర్చుకున్నవాళ్లే.

ఉద్యోగం విషయంలో మీరు విన్నది నిజమే. అప్రెంటిస్ చట్టం, 1961 ప్రకారం శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న బాధ్యత యాజమాన్యానికి లేదు. స్టైపెండ్ సంగతికొస్తే, 2019లో సవరించిన నిబంధనలు ఐటీఐ పాసైనవారికి నెలకు కనీసం 7,000 రూపాయలు ఇవ్వాలన్నాయి. చివర్లో పరీక్ష రాసి పాసైతే వచ్చేది జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్. రైల్వే సంస్థల్లో అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసినవారికైతే లెవెల్-1 (అన్నిటికన్నా కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం కోటా ఉంది, అయితే పరీక్ష రాయాల్సిందే. రైల్వే అప్రెంటిస్ ఎంపిక మాత్రం పది, ఐటీఐ మార్కుల మెరిట్‌తోనే జరుగుతుంది. మీవాడికి మార్కులున్నాయి కాబట్టి ఆ నోటిఫికేషన్ వదులుకోవద్దు. వయసు సాధారణంగా 24 దాటకూడదు.

ఇక అసలు జాగ్రత్త పడాల్సింది ఎక్కడ చేరుతున్నాడన్న విషయంలో. కొన్ని చోట్ల అప్రెంటిస్ అని పేరు పెట్టి ప్యాకింగ్‌లోనో, సామాన్లు మోయడానికో వాడుకుంటారు. పిల్లల ఏడాది అలా పోతుంటే నాకు చాలా బాధేస్తుంది. చేరేముందు మెయింటెనెన్స్ విభాగంలోనే వేస్తారా, ఎవరి కింద పని చేయాలి అని సూటిగా అడగమనండి. షిఫ్టు వదిలే వేళకు గేటు దగ్గరకు వెళ్లి, ఇప్పుడు అక్కడ చేస్తున్న అప్రెంటిస్‌లను కదిలిస్తే ఉన్నదున్నట్టు చెబుతారు. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో కాంట్రాక్టు నమోదు కావాలి. అది లేకుండా ‘ట్రైనీ’గా రమ్మంటే ఆ సర్టిఫికెట్ రాదు. చేర్పిస్తానని డబ్బు అడిగే ఏజెంటును దగ్గరికి రానివ్వకండి.

ఫ్యాక్టరీలున్న అచ్యుతాపురం, పరవాడ మీకు దగ్గరే కాబట్టి ఇంటి నుంచే వెళ్లిరావచ్చు, హాస్టల్ ఖర్చుండదు. విశాఖలోని స్టీల్‌ప్లాంట్, నేవల్ డాక్‌యార్డు నోటిఫికేషన్లు కూడా చూస్తూ ఉండండి. ఆ 15 వేలు లేనిదే ఇల్లు గడవదంటే, ప్రస్తుతానికి కాంట్రాక్టర్ దగ్గర చేరి దరఖాస్తులు పెడుతూ ఉండమనండి. పిలుపు రాగానే మానేసి వెళ్లాలి, ఈ మాట కాంట్రాక్టర్‌కు ముందే చెప్పండి.

వాళ్లమ్మగారి భయం న్యాయమైనదే. పద్ధతిగా నడిచే ఫ్యాక్టరీలో సప్లై ఆపి, స్విచ్‌కు తాళం వేసి, ‘మనుషులు పనిలో ఉన్నారు’ అన్న బోర్డు తగిలించాకే ప్యానెల్‌లో చేయి పెడతారు. అప్పుడు కూడా ముందు టెస్టర్ పనిచేస్తోందో లేదో కరెంటున్న చోట చూసుకుని, తర్వాత పని చేసే చోట పరీక్షిస్తారు. అప్రెంటిస్‌కు పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం ఇవ్వాల్సిన బాధ్యతను చట్టం యాజమాన్యం మీదే పెట్టింది. చేరిన మొదటి వారంలోనే సేఫ్టీ శిక్షణ, బూట్లు, గ్లవ్స్ ఇచ్చారా అని మీవాణ్ని అడగండి. అవేవీ ఇవ్వకుండా ప్యానెల్ దగ్గరకు పంపుతుంటే మాత్రం, ఎంత పేరున్న కంపెనీ అయినా అక్కడ ఉండనివ్వొద్దు.