మూసేముందు చూసుకోవాలి: ఇల్లు కట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సత్తెనపల్లి స్థలంలో అమ్మానాన్నల కోసం ఇల్లు మొదలుపెడుతున్నానని ప్లానూ, మేస్త్రి రాసిచ్చిన కాగితమూ పంపావు. ప్లాను బాగుంది. కాగితం బాగాలేదు. "పునాది, స్లాబు, గోడలు, ఫినిషింగ్" అని నాలుగు మాటలు, పక్కన నాలుగు అంకెలు. ఒక్కో మాటలో నెలా, రెండు నెలల పని దాగి ఉంది. అంతసేపు ఎక్కడా ఆగి చూసుకునే చోటు లేకపోతే, తప్పు జరిగిందని తెలిసేసరికి దాని మీద ఇంకో పని లేచి ఉంటుంది. బ్యాంకువాళ్లు అప్పు ఇచ్చే విడతలనే పని భాగాలుగా పెట్టుకోవచ్చా అని అడిగావు. వద్దు. అవి బ్యాంకు తన డబ్బు కోసం గీసుకున్న గీతలు. నీ గీతలు నువ్వు గీసుకోవాలి.

ఎక్కడ గీయాలంటే, ఒక పనిని ఇంకో పని కప్పేసే చోట. గుంత అడుగుభాగం కాంక్రీటు కింద పోతుంది. స్టీలు కాంక్రీటులో పోతుంది. పైపులు ప్లాస్టరింగ్ వెనక్కి పోతాయి. బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ టైల్స్ కింద పోతుంది. ఒకసారి మూసుకున్నాక బాగుచేయాలంటే పగలగొట్టాల్సిందే. నువ్వు హైదరాబాద్‌లో ఉంటావు కాబట్టి రోజూ సైటులో నిలబడలేవు, నిలబడక్కర్లేదు కూడా. ఈ మూసుకునే చోట్లు ఆరున్నాయి. ఆ ఆరు సందర్భాల్లో సెలవు పెట్టి తప్పకుండా ఉండు. మిగతా రోజుల్లో ఇంజినీరు చూసి ఫొటో పంపితే చాలు.

ఇక పనిని ముక్కలు చేసుకోవాలి. ముందు ముక్క అంటే ఏమిటో తేల్చుకో. ఒక ముక్కను ఒకే బృందం చేయాలి, ఎనిమిది పది రోజుల్లో ముగియాలి, అయిందా లేదా అన్నది టేపుతోనో కంటితోనో తేలిపోవాలి. "గోడలు" అనేది ముక్క కాదు. "ద్వారబంధాలు నిలబెట్టడంతో సహా లింటెల్ (తలుపుల పైదూలం) మట్టం వరకు బయటి గోడలు" అనేది ముక్క. "కరెంటు పని" ముక్క కాదు. స్లాబులో పైపులు వేయడం ఒకటి, గోడల్లో గాడులు కొట్టి పైపులు, బాక్సులు బిగించడం ఒకటి, వైర్లు లాగడం ఒకటి, స్విచ్‌బోర్డులు బిగించడం ఒకటి. ఆ నాలుగింటి మధ్య నెలలు గడుస్తాయి, వేరే వాళ్ల పనులు జరుగుతాయి. ఒకే మాటగా రాస్తే ఎలక్ట్రీషియన్ ఎప్పుడు రావాలో ఎవరికీ తెలియదు.

ఒక లాంగ్ నోటుబుక్ కొను. ముక్కకో పేజీ. ప్రతి పేజీలో ఐదు సంగతులు రాయి: ఏ పని, ఎవరు చేయాలి, మొదలుపెట్టేనాటికి సైటులో ఏమేం ఉండాలి, అయ్యాక ఏం కొలిచి ఒప్పుకోవాలి, ఎంత ఇవ్వాలి. నీ ఇంటిలాంటి వెయ్యి చదరపు అడుగుల ఒక అంతస్తుకు ముప్పై ఐదు, నలభై పేజీలు వస్తాయి. ఇరవై దగ్గరే ఆగిపోతే ముక్కలు పెద్దవైనట్టు. అరవై దాటితే ఆ పుస్తకం ఎవరూ తెరవరు. అన్నీ ఇప్పుడే రాయొద్దు. బేస్‌మెంట్ (గదుల నేల మట్టం) వరకు వివరంగా రాసి, తర్వాతి వాటికి పేర్లు మాత్రం పెట్టుకో. స్లాబు పడ్డాక ప్లాస్టరింగ్, టైల్స్ పేజీలు నింపొచ్చు. మున్సిపాలిటీ అనుమతి మొదటి పేజీ. అది చేతికి రాకుండా గుంత తీయొద్దు.

ఇక ఆ ఆరు చోట్లు.

మొదటిది గుంతలు తీశాక, వాటి అడుగున కాంక్రీటు వేయకముందు. మీ వైపు నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి బీటలు తీస్తుంది. అందుకే భూమి పరీక్ష చేయించి, ఇంజినీరు చెప్పిన లోతుకు తగ్గకుండా దిగాలి. పక్కింటికి నాలుగడుగులు సరిపోయిందని నీకూ సరిపోదు. ముగ్గు పోసిన రోజే మూల నుంచి ఎదురు మూలకు రెండు కర్ణాలూ కొలిపించు. రెండూ సమానంగా ఉంటేనే ఇల్లు మూలమట్టానికి వచ్చినట్టు. ఇక్కడ రెండంగుళాలు తేడా వస్తే టైల్స్ వేసేటప్పుడు గోడ పక్కన కోసిన ముక్కలు ఒకవైపు సన్నగా, ఒకవైపు వెడల్పుగా వచ్చి జీవితాంతం కనిపిస్తాయి.

రెండోది ఫుటింగ్, అంటే పిల్లరు కింది పాదం, స్టీలు కట్టాక. అడుగున చువ్వలను ఎత్తి ఉంచే 50 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు ఉన్నాయా, పిల్లర్ చువ్వలు తూకం గుండుకు నిలువుగా ఉన్నాయా, దారం గీతకు సరిగ్గా వచ్చాయా చూడు. బ్లాకులకు బదులు కంకర రాయి పెడతామంటారు. ఒప్పుకోకు. అది జారిపోతే చువ్వ అడుగుకు ఆనుకుని తుప్పు పడుతుంది.

మూడోది బేస్‌మెంటులో మట్టి నింపేటప్పుడు. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, నాకు ఎక్కువ బెంగ కూడా దీని మీదే. గుంతల్లోంచి తీసిన నల్లమట్టి దగ్గరే ఉంది కదా అని దాన్నే నింపేస్తారు. అది ఇంటి బయట ఎంత ఉబ్బుతుందో లోపలా అంతే ఉబ్బుతుంది. గ్రావెల్ తెప్పించు. ఆరు నుంచి తొమ్మిది అంగుళాల పొరగా వేసి, తడిపి, దిమ్మిస కొట్టి, ఆ తర్వాతే ఇంకో పొర. మూడడుగుల ఎత్తుకు కనీసం నాలుగు పొరలు. ఒకేసారి టిప్పర్‌తో గుమ్మరించి పైన నీళ్లు పెడితే పైపొర గట్టిగా కనిపిస్తుంది, అడుగున గుల్లగా ఉంటుంది. రెండు మూడేళ్లకు హాలు మధ్యలో టైల్స్ కుంగుతాయి. చెదల మందు కొట్టడం, బాత్రూమ్ మురుగు పైపులు బయటికి తీయడం ఈ పేజీలోనే రాయి. నాలుగంగుళాల పైపుకు పది అడుగులకు మూడంగుళాల వాలు ఉండాలి.

నాలుగోది స్లాబు. దీన్ని కాస్త విడమర్చి చెబుతాను.

స్లాబు ఒక ముక్క కాదు, ఆరు ముక్కలు: సెంట్రింగ్ (కాంక్రీటును మోసే తాత్కాలిక పలకలు, పోట్లు), స్టీలు, కరెంటు పైపులు, కాంక్రీటు పోయడం, నీళ్లు పెట్టడం, సెంట్రింగ్ విప్పడం. మొదటి మూడూ ఒకరి వెనక ఒకరు చేసేవి. స్టీలు పూర్తయి, ఎలక్ట్రీషియన్ ఫ్యాను బాక్సులు, పైపులు వేసి, ఇంజినీరు చూసి సంతకం పెట్టేదాకా కాంక్రీటు తేదీ ఖరారు చేయొద్దు. మేస్త్రి ముందే కాంక్రీటు కలిపే మిల్లరుకు, కూలీలకు బయానా ఇచ్చేస్తాడు. అప్పుడు ఎలక్ట్రీషియన్‌ను తొందరపెట్టి రాత్రికి రాత్రి ముగించేస్తారు. వంటింట్లో ఒక లైటు పాయింటు మర్చిపోతే ఇక స్లాబును గాడి కొట్టాల్సిందే.

కాంక్రీటు రోజు లెక్క ఇదీ. వెయ్యి చదరపు అడుగులు, అయిదంగుళాల మందం అంటే దాదాపు 417 ఘనపుటడుగులు. దూలాలు మరో 120 అనుకుంటే మొత్తం 537, అంటే 15 ఘనమీటర్లు. ఎం20 రకం కాంక్రీటుకు, సిమెంటు ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్లలో, ఘనమీటరుకు ఎనిమిది బస్తాల సిమెంటు పడుతుంది. మొత్తం 120 బస్తాలు. ఇసుక రెండుంపావు యూనిట్లు, కంకర నాలుగున్నర యూనిట్లు (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు). వీటిపైన పదో వంతు ఎక్కువ తెచ్చిపెట్టుకో, మధ్యలో అయిపోకూడదు. బస్తాకు నీళ్లు 30 లీటర్లు దాటనివ్వకు. పనివాళ్లకు పలచగా ఉంటే సుఖం, అందుకే గొట్టం పెట్టి వదిలేస్తారు. బకెట్టుతో కొలిచి పోయించు. ఒక బస్తా పట్టే మిల్లరు ఒక్కో తడవకు ఐదారు నిమిషాలు తీసుకుంటుంది. ఒక్కటే పెడితే పన్నెండు గంటల పని, పొద్దుపోయాక దీపాల వెలుతురులో చివరి గది పోస్తారు. రెండు మిల్లర్లు పెట్టి పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టు, మధ్యాహ్నానికి తేలిపోతుంది. కాంక్రీటును కుదిపి సర్దే వైబ్రేటరు ఇంకోటి పక్కన ఉంచుకో. టార్పాలిన్లు సిద్ధంగా పెట్టుకో.

పనిని ముక్కలు చేయమని ఇంత చెప్పి, ఒక్కటి మాత్రం చేయొద్దంటున్నాను. కాంక్రీటు పోయడం ఆ రోజు మొదలై ఆ రోజే ముగియాలి. సగం ఇవాళ, సగం రేపు పోస్తే అతుకు పడుతుంది, వానాకాలంలో నీరు ఆ గీత వెంటే కారుతుంది. వాన ముంచేసి ఆపక తప్పకపోతే పిల్లరు దగ్గరో, దూలం దగ్గరో కాకుండా గది నడిమి భాగంలో నిలువుగా అంచు కట్టి ఆపమను.

మర్నాటి నుంచి మళ్లు కట్టి నీళ్లు నిలబెట్టాలి. మామూలు ఓపీసీ సిమెంటుకు ఏడు రోజులు కనీసం. మనకు ఎక్కువగా దొరికే, బూడిద కలిపిన పీపీసీకి పది రోజులు కనీసం, పద్నాలుగు మంచిది. దీనికి ఒక మనిషిని పేరుతో పెట్టి రోజు కూలి రాసుకో. "అందరూ చూసుకుంటాం" అంటే ఎవరూ చూసుకోరు. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు గదికి స్లాబు కింది పోట్లు ఏడు రోజులకు, దూలాల కింద పద్నాలుగు రోజులకు తీయొచ్చు. ఆ లెక్క ఓపీసీకి చెప్పింది. పీపీసీకి బలం నిదానంగా వస్తుంది కాబట్టి స్లాబుకు పద్నాలుగు, దూలాలకు ఇరవై ఒక్క రోజులు ఉంచు. సెంట్రింగ్ అద్దె పెరుగుతుందని మేస్త్రి తొందరపడతాడు. ఆ అద్దె ముందే మాట్లాడుకుంటే గొడవ ఉండదు.

ఇలా ఎదురుచూసే రోజులకు కూడా పేజీ ఉండాలి. చాలామంది పని రోజులనే లెక్కవేస్తారు, ఆరే రోజులు మర్చిపోతారు. స్లాబు కింద ఖాళీగా ఉన్న ఆ రెండు వారాల్లో సెప్టిక్ ట్యాంకు, సంపు, ప్రహరీ పునాది చేయించుకో. పండుగలూ లెక్కలోకి తీసుకో. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లిన పనివాళ్లు పది పదిహేను రోజులకు గానీ తిరిగిరారు. కృష్ణకు నీళ్లు వచ్చాక ఇసుక దొరకడం కష్టమవుతుంది. గోడలకూ ప్లాస్టరింగ్‌కూ కావాల్సినది ముందే పోయించుకో.

ఐదోది గోడల్లో పైపులు బిగించాక, ప్లాస్టరింగ్‌కు ముందు. గోడ రోజుకు ఐదడుగులకు మించి లేపనివ్వొద్దు, పచ్చి సిమెంటు మాలు బరువుకు అణిగి వంకర పోతుంది. గాడులు మిషన్‌తో కోయించు. నాలుగున్నర అంగుళాల గోడను సుత్తితో కొడితే అవతలి వైపు ఇటుక కదులుతుంది. నీళ్ల పైపులకు అన్ని చివర్లూ ప్లగ్గులు బిగించి, చేతిపంపుతో ఒత్తిడి పెట్టి ఒక రాత్రి ఉంచు. పొద్దున పంపు గేజి ముల్లు దిగకపోతే మంచిదే. తర్వాత ప్రతి గోడకూ టేపు పట్టి ఫొటో తీయించు, నేల నుంచి ఎంత ఎత్తులో, మూల నుంచి ఎంత దూరంలో పైపు ఉందో కనిపించేలా. పదేళ్ల తర్వాత గీజరు బిగించేవాడికి ఆ ఫొటో కావాలి. పిల్లరూ గోడా కలిసేచోట ఇనుప జాలీ కొట్టించు, లేకపోతే అక్కడే నిలువు బీట వస్తుంది.

ఆరోది బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక. మురుగు రంధ్రం మూసి రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టు. పక్క గోడలకు చెమ్మ రాకపోతేనే టైల్స్. డాబా మీద కూడా ఇలాగే.

ఫినిషింగ్ గురించి ఎక్కువ చెప్పను, అక్కడ తప్పులు కళ్లకు కనిపిస్తాయి. ప్లాస్టరింగ్ నెలరోజులు ఆరకుండా పుట్టీ పెట్టనివ్వకు, చివరి కోటు రంగు మాత్రం తలుపులు, ఫిట్టింగులు అన్నీ అయ్యాకే.

పని ముక్కల కంటే ముందే పెట్టుకోవాల్సినవి నిర్ణయాలు. అవి నీవీ, అమ్మవీ. కమోడ్ ఏ గోడకు అన్నది బేస్‌మెంట్ నింపకముందే తేలాలి. ఏసీ, గీజరు, వంటింటి చిమ్నీ ఎక్కడ అన్నది గాడులు కొట్టకముందు. ద్వారబంధాలు గోడ మొదలయ్యేనాటికి సైటులో ఉండాలంటే కర్ర నెలన్నర ముందే వడ్రంగికి ఇవ్వాలి. పునాది తీసేనాటికే ఆ పని అప్పజెప్పు. నోటుబుక్కు చివరి నాలుగు పేజీలు వీటికి. ప్రతిదాని పక్కనా "ఏ తేదీలోగా" అని రాయి. ఇళ్లు ఆలస్యమయ్యేది పనివాళ్ల వల్లే కాదు, ఇంటివాళ్లు టైల్ రంగు చెప్పకపోవడం వల్ల కూడా.

డబ్బు. లేబర్ మొత్తాన్ని నూరు పాళ్లనుకుంటే బేస్‌మెంట్ దాకా 20, పిల్లర్లు, స్లాబు 25, గోడలు 15, ప్లాస్టరింగ్ 20, ఫ్లోరింగ్ 10, చివరిది 10 అని పెట్టుకో. వాటిని మళ్లీ పేజీలకు పంచు. మేస్త్రికి ప్రతి శనివారం కూలీల ఖర్చు కావాలి, అది న్యాయం. కానీ ఒక ముక్కలో నువ్వు ఒప్పుకోకముందు దాని విలువలో మూడింట రెండు వంతులు దాటి ఇవ్వకు. ఒప్పుకున్నాక కూడా పదో వంతు ఆపి, తర్వాతి ముక్కతో కలిపి ఇవ్వు. ఈ లెక్క మొదటిరోజే మేస్త్రి ఎదుట చదివి సంతకాలు చేసుకోండి. మంచి మేస్త్రి దీన్ని ఇష్టపడతాడు, తనకు ఏ రోజు ఎంత వస్తుందో తెలుస్తుంది కాబట్టి.

ఈ ఆదివారంలోగా బేస్‌మెంట్ దాకా పేజీలు రాసి ఫొటోలు తీసి పంపు. భూమి పరీక్ష కాగితం వచ్చాక అదీ పంపు, ఫుటింగ్ లోతు చూసి చెబుతాను. అమ్మకు నా మాటగా చెప్పు, వంటింటి గట్టు ఎత్తు తను నిలబడి కొలిచి రాసివ్వమని.

మామయ్య